ఉల్లికాడల్లో చేప పొలుసు

2004 శీతాకాలం. ఏలూరు మార్కెట్లో నాది ఆకుకూరల బండి. కొత్తిమీర, పుదీనా అందరూ అమ్మేవారు. ఉల్లికాడలకి మాత్రం జనం నా దగ్గరికే వచ్చేవారు. మార్కెట్లో ప్రతి బండి కిందా ఒక నీళ్ల బకెట్ ఉండేది. మాటిమాటికీ చల్లితే సరుకు నిగనిగలాడుతుంది, కొనేవాళ్లు దాన్నే తాజాదనం అనుకుంటారు. నా బండి కింద బకెట్ లేదు. తడి కట్టలో నీరు నిలిచి లోపల్నుంచి కుళ్లుతుందని మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పక్క బండి వెంకట్రావుగారు, "ఈ పొడి వ్యాపారం ఎన్నాళ్లు చేస్తారమ్మా రహీమాగారూ?" అని రోజూ నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

క్వాలిటీ, అంటే సరుకు బాగోగులు, నేను చేత్తోనే చూస్తాను. కాడ వంచితే టప్పున విరగాలి. తెల్లటి మొదలు నొక్కితే గట్టిగా ఉండాలి. వేర్లకి మట్టి ఉంటే మరీ మంచిది. దాచుకోవాలంటే వేర్లు కోయకుండా, కడగకుండా, పొడిగుడ్డ చుట్టి నీడన నిలబెట్టాలి. ఇప్పుడు హోటళ్లవాళ్లు తెప్పించుకునే లీక్స్‌కి, అంటే ఉల్లికాడలాంటిదే లావుపాటి కాడకి కూడా నేను ఇదే చెబుతాను.

ఒకరోజు పొద్దున్నే సత్యవతిగారు వచ్చారు. కొల్లేటికోటలో చేపల చెరువు కూలీలకి వంట చేస్తారావిడ, నా దగ్గర వాడుకగా కొంటారు. వస్తూనే ఒక కట్ట నా బండి మీద విసిరికొట్టారు. కాడలు నల్లబడి జిగురు కారుతున్నాయి.

"నీళ్లు చల్లనని చెప్పి అంటగట్టారు కదండీ! పులుసులో వేస్తే కూలీలు కంచాల ముందునుంచి లేచిపోయారండీ. చల్లారు మీరు, ఒప్పుకోండి!"

బజారంతా ఇటు తిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. చల్లాననే మాట నిలబడిపోతే ఆ బజార్లో ఇక నన్నెవరు నమ్ముతారు? వెంకట్రావుగారు మెల్లిగా, "పోనిద్దురూ, ఇంకో కట్ట ఇచ్చి పంపేయండమ్మా" అన్నారు.

"ఇవ్వనండీ" అని కట్ట విప్పాను. నీళ్లు చల్లిన కట్ట ముందు తాడు దగ్గర కుళ్లుతుంది. ఇక్కడ తాడు దగ్గర బాగానే ఉంది, ఆకులు మాత్రం ఉడికించినట్టు వాడిపోయాయి. ఒక మడతలో ఏదో మెరిసింది. తీసి చూస్తే చేప పొలుసు.

"సత్యవతిగారూ, నేను చేపలు అమ్మనండీ. ఈ కాడలు ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడేంటండీ, చేపల ఐసు పెట్టెలో! ఐసులో చేప నిలవుంటది, కాడ ఉండదేంటండీ?"

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కొల్లేటి మనిషికి తాజాగా ఉంచడమంటే ఐసే మరి.

"ఐసు కాడని కాల్చేస్తుందండీ. మీరు అందరి ముందూ అన్నారు, అందరి ముందే ఆ మాట వెనక్కి తీసుకోండి."

"నా కళ్లతో చూడందే తీసుకోనండీ."

"అయితే ఇంకో కట్ట కొనుక్కెళ్లండి. ఊరికే మాత్రం ఇవ్వను. పొడిగుడ్డ చుట్టి నీడన పెట్టి, మళ్లీ వచ్చేటప్పుడు తెండి."

గొణుక్కుంటూనే కొనుక్కెళ్లారు. ఆ నాలుగైదు రోజులూ నా బండి దగ్గర జనం పలచబడ్డారు. వెంకట్రావుగారు జాలిపడి తన పాత బకెట్ నావైపు జరిపారు. కాలితో వెనక్కి నెట్టేశాను.

సత్యవతిగారు మళ్లీ వచ్చారు. గుడ్డ విప్పి, ఒక కాడ తీసి, బజారు మధ్య చెయ్యెత్తి విరిచారు. టప్పుమంది. "ఈవిడ నీళ్లు చల్లదండీ! పొరపాటు నాది" అని గట్టిగా చెప్పారు. అంతటితో ఆగలేదు. వెంకట్రావుగారి కట్ట ఒకటి అందుకుని, చేప మొప్పలు చూసినట్టు విడదీసి వాసన చూశారు. "మరి ఇవేంటండీ?" అన్నారు. ఆయన బకెట్‌ని బండి కింద ఇంకాస్త లోపలికి తోసుకున్నారు.

మంచి సరుకుంటే చాలు, మనం నోరు విప్పక్కర్లేదని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆరోజు మంచితనానికి పోయి ఇంకో కట్ట చేతిలో పెట్టి ఉంటే అబద్ధమే నిజమైపోయేది. మీ సరుకు మంచిదైతే గొంతెత్తండి, అండీ అంటూనే ఎత్తండి.

వెంకట్రావుగారు ఇప్పటికీ చల్లుతూనే ఉన్నారు. నా బండి కింద ఇప్పటికీ బకెట్ లేదు.