ఎద్దుల ఉలవలకు తిరగమోత

ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని ఎవరైనా రుజువు చేయండి చూద్దాం! ఈ ఎర్రగుంట్ల స్టేషను ముందర, అందరూ చూస్తుండగా తలపాగా తీసి మీ చేతుల్లో పెడతా. చేయలేకపోతిరా, ఈ టీ మీరే తాగించాల. సరేనా? అయితే వినండి. ఎద్దు తుమ్మడం మీలో ఎవరన్నా విన్నారా? నేను విన్నా. నా చేతి వంట తినే తుమ్మింది!

నవ్వకండప్పా. పొద్దున్నుంచీ చూస్తాండా, రేషన్ షాపు కాడ నిలబడి వచ్చినోళ్లందరిదీ ఒకటే ఏడుపు. కంట్రోలు బియ్యంలో రాళ్లంట, చక్కెర చాల్లేదంట, రాత్రికి ఏం వండాలని ఇంట్లో ఆడోళ్లు తగులుకున్నారంట. బియ్యమా! మా కాలంలో వరిబువ్వ పండగనాడు కనపడేది, అదీ పక్కింట్లో. మా ఇంట్లో రాత్రికి జొన్న సంగటి, ఉలవచారు. అంతే. ఆ ఉలవలైనా మావి కావు. ఎద్దులవి!

మన పల్లెల్లో పుట్టినోళ్లకు ఇది చెప్పనక్కరలేదు. టౌను పిల్లకాయల కోసం చెప్తాండా. సాయంత్రం ఎద్దులకు ఉలవలు ఉడకబెడతారు. ఉడికిన నీళ్లను కట్టు అంటాం. చిక్కగా, కొత్త వాన పడినాక వంకలో, అదే వాగులో, పారే నీళ్ల మాదిరి ఎర్రగా ఉంటుంది. దాన్ని ముందు మనుషులకు వేరే చట్టిలోకి వంచుకుంటారు. పులుపూ ఉప్పూ కారమూ తెల్లగడ్డా వేసి కాస్తే, అదే చారు. కుండలో మిగిలిన గింజలు ఆరబెట్టి ఎద్దుల ముందర పోస్తారు. ఒక పొయ్యి మీద మనిషి కడుపూ పశువు కడుపూ రెండూ నిండిపోతాయి. కందిపప్పు కొనే పనే లేదు. ఇంతకన్నా పొదుపుగా సంసారం ఈదిన కలెక్టరు దొర ఎవడన్నా ఉంటే తీసుకరండి, నా చుట్ట ఆయన నోట్లో పెడతా.

ఆ ఏడు సంగతికొస్తా. అంతకు ముందు రెండేండ్లు మా చేను గింజ చూడలేదు. నా జతలో ఒక ఎద్దు ముసలిదై పోయింది. విత్తనం వేసే గొర్రును ఒంటెద్దుకు కట్టలేం కదా. అట్లాంటప్పుడు కురిసింది చూడండి వాన! వానా అది! కప్పలు ఇండ్లలోకొచ్చి మమ్మల్ని బయటికి పొమ్మన్నాయి. తెల్లారి చూస్తే నల్లరేగడి చేను వెన్నముద్ద. విత్తేదానికి సరిపడే తడి, మంచి పదును. కానీ మన ఎండ సంగతి తెలుసు కదా, ఆ పదును ఆగేది రేపు ఒక్కనాడే. రేపు పొద్దుగూకేలోపల విత్తనం భూమిలో పడాల. పడిందా, గాదెలో జొన్నలు. పడలేదా, మూడో ఏడు కూడా ఆకులూ అలములే.

అందుకని మా బావమరిది మద్దిలేటికి కబురు పంపినా. ఆయనది వంక అవతలి పల్లె. జత ఎద్దులు తోలుకుని సాయంత్రానికి దిగినాడు. అవి ఎద్దులా, పెండ్లికొడుకులా! కొమ్ములకు నూనె, మెడలో గంటలు. వెంట ఒక మూటలో వాటి ఉలవలు, ఇంకో మూటలో మాకోసం మామిడి ఒరుగులు.

"బావా, ఒక్కనాడే. ఎల్లుండి నా చేనికి కావాల" అన్నాడు ఎద్దుల్ని కట్టేస్తూ. "ఇంకో మాట. వీటికి రాత్రి ఉలవలు పడాల. పడకపోతే పొద్దున కాడి కిందికి మెడ పెట్టవు. మా నాయన వచ్చి బతిమాలినా పెట్టవు."

"ఏమప్పా, నా ఇంట్లో ఎద్దు పస్తు పండుకుంటాదా?" అని తొడ కొట్టినా.

తొడ కొట్టినాక గుర్తొచ్చింది, ఇంట్లో వండేవాణ్ని నేనే అని. నా భార్య ఓబులమ్మ ఆ మూడు రోజులూ బయట ఉండాది. అప్పటి ఆచారం తెలుసు కదా, పొయ్యి కాడికి రాకూడదు, కుండ ముట్టకూడదు, విత్తనం అసలే ముట్టకూడదు. వాకిట్లో చింతమొద్దు మీద కూర్చుని నోటితో సంసారం చేస్తాంది. రేపు గొర్రు వెంట నడిచి విత్తనం పోసేదానికి పక్కింటి దస్తగిరమ్మ వస్తానని ఒప్పుకునింది. ఆమె దూదేకులోళ్ల ఆడబిడ్డ, నన్ను అన్నా అంటాది, ఓబులమ్మను వదినా అంటాది. ఆ సాయంత్రం ఆమె కూడా వచ్చి మొద్దు పక్కన చతికిలబడింది. విత్తనం మాట అడిగేదానికి వచ్చినానంటాది గానీ, మగోడు వంట చేస్తాంటే చూసేదానికి వచ్చింది.

"ఏమయ్యా, ముందు సంగటికి ఎసరు పెట్టు" అని బయట నుంచి ఓబులమ్మ. "నూక ఉడికినాక పిండి పొయ్యి. ఉండ కట్టకుండా గెలుకు. జాగర్త, పిండి అంతే ఉండాది. మళ్లీ విసిరేదానికి జొన్నల్లేవు."

గెలికినా. ఎట్లా గెలికినా! తెడ్డు రెండు చేతులా పట్టి, కుండను రెండు కాళ్ల మధ్య ఇరికించి, రాయలోరి సైన్యంలో గుర్రం ఎక్కినోని మాదిరి. గోడకు కొట్టినా పగలనంత నున్నటి ముద్దలు చేసి తట్టలో పేర్చినా. మా అమ్మ ఉండింటే కండ్లకద్దుకునేది. ఇద్దరు బిడ్డలూ తట్ట చుట్టూ పిల్లుల మాదిరి తిరుగుతాండారు.

ఇంక ఉలవలు. పక్క పొయ్యి మీద పెద్ద కుండలో కుతకుతమంటాండాయి. ఈడనే నా తెలివి మేల్కొనింది. చూడండి, కట్టు వంచుకునేదానికి ఇంకో చట్టి కావాల. దానికి ఇంకో మంట, ఇంకో తిరగమోత. మా నూనెబుడ్డిలో అడుగున ఉండేది రెండు చుక్కలు. అందులో సగం చట్టి అంచులే తాగుతాయి. పుల్లలు చూస్తే తడిసిపోయినాయి. రెండు పనులెందుకు? కుండలోనే అంతా వేసి చారు కాచేసి, తర్వాత వంచుకుంటే పోలే! ఇన్ని తరాలుగా ఆడోళ్లకు తట్టని ఉపాయం నాకు ఒక్క రెప్పపాటులో తట్టింది. దేవుడిచ్చిన బుర్ర, ఏం చేద్దాం!

"ఏమయ్యా, కట్టు వంచుకున్నావా?" అని కేకేసింది ఓబులమ్మ.

"ఆఁ, ఆఁ. నాకు చెప్పబాక. నువ్వు పుట్టకముందే తిన్నా నేను ఉలవచారు."

"తిన్నావులే. కాచినావా ఎప్పుడన్నా?"

దస్తగిరమ్మ కిసుక్కుమనింది. ఆ నవ్వు నా రోషం మీద పడింది. బావమరిది మెచ్చుకోవాల, వాకిట్లో ఆడోళ్ల నోళ్లు మూతపడాల అనుకుని, చింతపండు నిండుకుంది కాబట్టి మామిడి ఒరుగులు వేసినా, ఉప్పేసినా, రోట్లో దంచిన మిరపకారం దోసిలితో పోసినా. తెల్లగడ్డ చితక్కొట్టి ఆ రెండు చుక్కల నూనెలో చుయ్‌మనిపించి కుండలో కుమ్మరించినా. అబ్బబ్బ, ఏం వాసన! వీధిలో పోయేవాళ్లు ఆగి మా గోడ మీదుగా ముక్కులు పెట్టినారు.

చారు చట్టిలోకి వంచినా. గింజలు గంపలో పోసి చేటతో విసిరినా. మద్దిలేటి వచ్చి గంప ఎత్తుకున్నాడు.

"బావా, మీ ఊరి నీళ్ల మహిమేమో గానీ, ఉలవలు శానా కమ్మగా వాసనొస్తాండాయే!"

"నీళ్లు కాదు మద్దిలేటీ, చెయ్యి" అన్నా.

కుడిపక్క ఎద్దు ముందర పోసినాడు. అది ఆశగా మూతి నిండా అందుకునింది. నమిలింది. ఆగింది. తల ఎత్తి మద్దిలేటిని చూసింది. తర్వాత నన్ను చూసింది. మనిషి కూడా మనిషిని అట్లా చూడడు! కండ్లల్లో నీళ్లు గిర్రున తిరిగినాయి. తర్వాత తుమ్మింది చూడండి! కొట్టం కప్పు మీది బోదగడ్డి ఎగిరిపోయి ఎదురింట్లో పడింది. మెడలో గంటలు తెంచుకున్నంత పని చేసినాయి. తొట్టి మీద పడి నీళ్లన్నీ ఒక్క గుక్కలో లాగేసింది. ఎడమపక్కది దాని అవస్థ చూసి, ముట్టకుండానే నాలుగడుగులు వెనక్కి పోయి గోడకానుకునింది.

మద్దిలేటి వొంగి ఒక ఉలవ గింజ నోట్లో వేసుకున్నాడు. ఆయనా తుమ్మినాడు.

"ఏం బావా ఇది? ఎద్దులకు ఎవరన్నా తిరగమోత పెడతారా?"

"రుచి కోసం..." అంటి.

వాకిట్లో దస్తగిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద పడి దొర్లుతాంది. కానీ ఓబులమ్మ నవ్వలేదు. మద్దిలేటి కూడా నవ్వలేదు. ఆయన ఎద్దు మూతి తన పైపంచెతో తుడుస్తా, మెల్లగా అన్నాడు.

"అక్కా, ఏమీ అనుకోబాక. వీటి కడుపులో ఏమీ పడకపోతే రేపు కాడి మోయవు. పస్తుతో పని చేయిస్తే నా చేనికీ పనికి రావు. తోలుకుని పోతా. చీకటి పడేలోపల వంక దాటుతా."

నిజం చెప్తాండా, ఈ ఒక్క మాట మాత్రం పెంచకుండా చెప్తాండా. ఎద్దులు పోతే పదును పోతాది. పదును పోతే ఆ ఏడు పోతాది. గాదె వైపు చూసినా, అందులో సాలెగూళ్లు తప్ప ఏమీ లేవు. తట్ట చుట్టూ తిరుగుతాండే బిడ్డల వైపు చూసినా.

అప్పుడు లేచింది ఓబులమ్మ మొద్దు మీద నుంచి. ముట్టకూడదు, లోపలికి రాకూడదు. గడప అవతలే నిలబడి అనింది.

"ఏమయ్యా, సంగటి చేసినావు గదా?"

"చేసినా. నున్నగా చేసినా."

"ఆ ముద్దలు ఎద్దులకు పెట్టు."

"మరి మనం?"

"ఆ ఉలవలు మనకు. కారం మన నోళ్లకు కొత్తనా?"

ఇదే మాట నా తలలోనూ అప్పుడే పుట్టింది. నోటిదాకా వచ్చింది కూడా. ఓబులమ్మ ఒక్క క్షణం ముందు అనేసింది, అంతే తేడా.

ముద్దలు కాలుతాండాయి. నేను చేటతో విసురుతాంటే, మద్దిలేటి ఒక ముద్ద తుంచి, ఊది ఊది, కుడి ఎద్దు మూతి కాడ పెట్టినాడు. అది నన్నే చూస్తాంది అనుమానంగా. వాసన చూసింది. నాలుక చాచి రవ్వంత నాకింది. ఇంక అంతే! ముద్ద మాయం. ఇంకోటి, ఇంకోటి. ఎడమపక్కది గోడ వదిలిపెట్టి వచ్చి మద్దిలేటిని తలతో నెట్టింది, నా వంతు యాడ అన్నట్టు. తట్ట ఖాళీ అయినాక తట్టను కూడా నాకినాయి. మద్దిలేటి మొగంలోకి రక్తం తిరిగొచ్చింది.

"కట్టేస్తా బావా. పొద్దున్నే గొర్రు కడదాం" అన్నాడు.

ఇంక మేము. ఎద్దుల గంప మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చున్నాం. బిడ్డలు పిడికిళ్లతో ఉలవగుగ్గిళ్లు నోట్లో పోసుకుంటారు, ముక్కులెగబీలుస్తారు, నీళ్లు తాగుతారు, మళ్లీ చేతులు చాస్తారు. "నాయనా, రేపు కూడా ఎద్దుల బువ్వే చెయ్యి!" అని చిన్నోడు. చారు చూస్తే, దాన్ని తాగి మద్దిలేటి చెమటలు తుడుచుకుంటా "ఇంకొంచెం పొయ్యి బావా" అన్నాడు. ఎడంగా కూర్చున్న ఓబులమ్మ పళ్లెంలోకి పైనుంచి రాల్చినా. ఆమె ఒక్కొక్క గింజే నోట్లో వేసుకుంటా కండ్లు తుడుచుకునింది. కారానికే అనుకున్నా అప్పుడు. ఇప్పుడు అనుకోను. ఎంత తిన్నా ఆ గుగ్గిళ్ల రుచి మళ్లీ దొరకలేదప్పా. ఆమె పోయినాక నేనే ఎన్నిసార్లో చేసినా. ఒరుగులు అవే, ఉలవలు అవే. రావడంలేదు.

పొద్దున గొర్రు కట్టినాం. దస్తగిరమ్మ విత్తనం పోస్తాంటే, ఆ సంగటి తిన్న ఎద్దులు లాగినాయి చూడండి! ఆమె వెనక పరుగెత్తలేక "అన్నా, నిలబెట్టన్నా!" అని అరుపులు. మా చేను అయిపోయి పక్కోని చేన్లోకి కూడా రెండు సాళ్లు పోయినాయి. పొద్దుగూకకముందే విత్తనం మొత్తం భూమిలో పడింది. ఆ ఏడు పండిన జొన్నలకు గాదె చాలక, పడుకునేదానికి చోటు లేక మేము బయట పడుకున్నాం.

కానీ అసలు కత అప్పుడు మొదలైంది. కొన్నాళ్లకు మద్దిలేటి మా ఇంటికి ఉరికొచ్చినాడు.

"ఏం చేసినావు బావా నా ఎద్దుల్ని! ఉలవలు పెడితే మూతి తిప్పుకుంటాండాయి. పొయ్యి మీద సంగటి ఉడికే వేళకు వచ్చి గడపలో నిలబడి అరుస్తాండాయి. మా ఆడమనిషి నన్ను తిట్టి వాటికి ముద్దలు చేసి పెడతాంది!"

నేను మీసం దువ్వుకున్నా. "చూసినావా ఓబులమ్మా? నా చేతి వంట ఒక్కసారి తింటే ఎవరైనా మరిచిపోతారా?"

ఓబులమ్మ చేటలో జొన్నలు చెరుగుతా, తలెత్తకుండానే అనింది.

"మరిచిపోరులే. ఈ లోకంలో నీ వంట మెచ్చుకునినోళ్లు ఇద్దరే ఇద్దరు. ఇద్దరికీ నెత్తి మీద కొమ్ములుండాయి."

ఏమప్పా, ఆ నవ్వు చూస్తే నమ్మలేదని తెలుస్తాండాది. ఓబులమ్మ ఉండింటే పిలిచి నిలబెట్టేవాణ్ని. పోనీ, ఇంకో మనిషి ఉండాది, కండ్లారా చూసిన మనిషి. పోయి అడగండి. ఎద్దుల సంగతి నేను చెప్పినట్టే చెప్తాది. సంగటి ఉపాయం ఎవరిదని మాత్రం అడగొద్దండి, ముసల్దయింది, ఆ ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు పాపం. మా ఊళ్లో మసీదు సందులో మూడో ఇల్లు. పేరు దస్తగిరమ్మ.