చిన్నబాపు లారీ, నేను చేసిన టాంకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందనే సంగతే నాకు తెలియదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం ఇంకా రాని వయసది. ఆ మధ్యకాలంలో మనిషి ఎంత ప్రమాదకరంగా తయారవుతాడో చేవెళ్ళలో మా ఇంటివాళ్ళను అడిగితే చెబుతారు. ఇంట్లో మిక్సీ మూలిగినా, దుకాణంలో ఫ్యాను కిర్రుమన్నా స్క్రూడ్రైవర్ పట్టుకుని హాజరయ్యేవాణ్ణి. నేను విప్పినవాటిలో కొన్ని మళ్ళీ పనిచేశాయి కూడా. (మిక్సీ మాట మాత్రం మా అమ్మ ముందు ఇప్పటికీ ఎత్తకూడదు.)

మా బాపుది, అంటే మా నాన్నది, బజారులో కిరాణా దుకాణం. ఆయన తమ్ముణ్ణి నేను చిన్నబాపు అంటాను. చిన్నబాపు పెళ్ళయిన కొత్తలో అదే దుకాణంలో తరాజు ముందు కూర్చుని చింతపండూ బెల్లమూ తూచేవాడు. అన్న ముందు నోరు విప్పేవాడు కాదు. అట్లాంటి మనిషి ఉన్నట్టుండి ఒక పాత లారీ కొన్నాడు. చుట్టుపక్కల రైతుల టమాట, క్యారెట్, బంతిపూలు మొయినాబాద్ మీదుగా పట్నం మార్కెట్‌కు తోలడం మొదలుపెట్టాడు. స్టీరింగ్ ముందు కూర్చుంటే చాలు, గొంతెత్తి పాటలు పాడేవాడు. వినేవాళ్ళ సంగతి అటుంచితే, ఆయన అంత సంతోషంగా ఉండగా మేం అంతకు ముందెప్పుడూ చూడలేదు.

లారీకి ఒకటే రోగం. కనకమామిడి దగ్గర ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ చటుక్కున ఆగిపోయేది. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టారు, మిరపకాయలు కట్టారు. బండి ముందుభాగం చూస్తే ఊరగాయ పెట్టబోతున్నామేమో అనిపించేది. అయినా ఆగేది. ఒకసారి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడిపోయి లారీడు బంతిపూలు వాడిపోయాయి. ఆ రైతు నేరుగా దుకాణానికొచ్చి, కొనేవాళ్ళందరి ముందూ బాపును నిలదీశాడు. ఆ సాయంత్రం బాపు తమ్ముణ్ణి పిలిచాడు.

"సూడు తమ్మీ, నీ బండి ఆగితే నా ఇజ్జత్ పోతున్నది. ఇంకొక్కసారి తొవ్వల ఆగిందంటె బండి అమ్ముడే. ఎప్పటిలెక్క వచ్చి తరాజు కాడ కూసో."

చిన్నబాపు బయటికి వచ్చి లారీ మెట్టు మీద కూర్చుని టైరును చేత్తో నిమురుతున్నాడు. "ఫికర్ చెయ్యకు చిన్నబాపు, బండిని నేను జేస్త" అన్నాను. ఆయన నా చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూసి, "నువ్వు జేస్తవనే నా ఫికరంత" అన్నాడు. అయినా మర్నాడు బండి నాకు అప్పగించాడు. మునిగేవాడికి పట్టుకోవడానికి అదొక్కటే దొరికింది పాపం.

టాంకు దింపి చూస్తే సంగతి బయటపడింది. లోపల డీజిల్‌ను పైకి గుంజే ఇనుప పైపు తుప్పు పట్టి, నడుమ ఒక చిల్లు పడింది. డీజిల్ చిల్లుకంటే పైన ఉన్నంతసేపూ బాగానే నడిచేది. కిందికి దిగిందంటే, అందులోనూ ఎత్తు ఎక్కేటప్పుడు, పైపు డీజిల్‌తో పాటు గాలీ పీల్చేది. మా చిన్నబాపేమో టాంకును ఎన్నడూ నిండా నింపేవాడు కాదు. ('నింపి నిలవెడితె ఎవడన్న గుంజుకపోతడు' అని ఆయన భయం. కిరాణా కొట్లో పెరిగినవాడికి నిండిన డబ్బా కనిపిస్తే నిద్ర పట్టదు.)

పైపు మార్చేస్తే సరిపోయేది. డిప్లొమా ఊరుకోనిస్తుందా? మొయినాబాద్‌లో వెల్డింగ్ షాపు ముందు స్టూలేసుకుని కూర్చుని కొత్త టాంకే చేయించాను. అడుగు ఏటవాలుగా పెట్టించి, నీళ్ళూ మురికీ ఒక మూలకు చేరితే తీసేయడానికి ఒక బిరడా పెట్టించాను. టాంకు నుంచి ఇంజను దాకా లోపల ఏం పోతుందో కనిపించే ప్లాస్టిక్ పైపు వేశాను. గాలి బుడగ వస్తే కంటికి దొరికిపోతుందని నా తెలివి. ఇంతటితో ఆగానా? డబ్బాతో పోసేటప్పుడు ఆలస్యమవుతోందని టాంకు మూతి దగ్గరి జల్లెడ తీసి పారేశాను. పైపు కొసన ఉండే జాలీ కూడా మురికికి మూసుకుపోతుందని తీసేశాను. అడ్డమనేదే లేకపోతే ఆగడమనేదే ఉండదని మా ఇంట్లో అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. వెల్డింగ్ షాపాయన మాత్రం, "జాలీ ఉండనియ్యి సార్" అన్నట్టు గుర్తు. 'సార్' అనే మాట వినిపించాక మిగతాది నా చెవికెక్కలేదు.

బండి ఇంటికి రాగానే నాయనమ్మ పూజ అన్నది. కొత్త టాంకుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరి చేతుల్లో అక్షింతలు పెట్టింది. నేను లోపలి పనితనం అందరికీ చూపించాలని టాంకు మూత తీసి పెట్టాను. ఎవరూ తొంగి చూడలేదు. బాపు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, కొనడానికి వచ్చిన బేరగాడిలాగా లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. "రేపు నేను గూడ వస్త. నా కండ్లతోటి చూడాలె" అన్నాడు. చిన్నబాపు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

మర్నాడు పొద్దున బంతిపూల లోడుతో బయలుదేరాం. చిన్నబాపు స్టీరింగ్ ముందు, బాపు కిటికీ పక్కన, నడుమ నేను. అన్న పక్కనున్నాడని చిన్నబాపు పాట పాడలేదు. కనకమామిడి ఎత్తు వచ్చింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. బండి సగం దాకా ఎక్కింది, రెండుసార్లు దగ్గింది, ఆగిపోయింది.

చిన్నబాపు స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. నేను దిగి పైపు దగ్గర వంగి చూశాను. బుడగ ఒక్కటీ లేదు. కానీ పైపు సన్నబడే చోట పచ్చగా ఏవో గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఇరుక్కున్నాయి. చిన్నబాపు కూడా వచ్చి వంగాడు.

"ఇవేందిరా? బియ్యమా?"

"అచ్చింతలు, చిన్నబాపు."

"మా అమ్మ ఏసుంటది. నిన్న కొబ్బరికాయ కొట్టినంక..."

"అమ్మ గాదు." వెనకనుంచి బాపు గొంతు. ఆయన మా వైపు చూడకుండా రోడ్డవతలి చేన్లోకి చూస్తున్నాడు. "నేనే ఏసిన."

"టాంకులకు ఎందుకేసినవే అన్నా?"

"అందరి ముంగట ఎట్లేస్త? అమ్ముత అంటి నాయె. గందుకే ఎనక దిక్కు వోయిన. మూత తీసున్నది. లోపల్నే పడితె ఇంక గట్టి దీవెన అనుకున్న." ఇంకా మెల్లగా అన్నాడు. "తొవ్వల ఆగొద్దని ఏసిన తమ్మీ."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. మేమంతా బండి ఆగాలని కోరుకుంటున్నాడనుకున్న మనిషి, ఆగొద్దని అందరికంటే గట్టిగా కోరుకుని దాన్ని ఆపేశాడు. చిన్నబాపు కళ్ళు తుడుచుకోవడం చూశాను. (డీజిల్ చెయ్యి తగిలి మండిందని తర్వాత చెప్పాడు. సరేనన్నాను.) పైపు విప్పి నోటితో గట్టిగా ఊదాను. గింజలతో పాటు నా నోట్లోకి డీజిలూ వచ్చింది. బాపు తెల్లచొక్కా చేతులు మడిచి పైపు రెండో కొస పట్టుకున్నాడు. ఆ చొక్కా మళ్ళీ తెల్లబడలేదు.

బండి అందుకుంది. చిన్నబాపు భయంభయంగా అడిగాడు. "మరి తరాజు కాడికి రావాల్నా అన్నా?"

"బండేడ ఆగింది? నేను ఆపిన. ఇది లెక్కల రాదు. నడుపు."

మొయినాబాద్ దాటుతుండగా చిన్నబాపు పాట అందుకున్నాడు. బాపు ముఖం చిట్లించుకున్నాడు గానీ ఆపమనలేదు. పూలు వాడకముందే మార్కెట్‌కు చేరాం. తిరిగి వచ్చాక జల్లెడా జాలీ రెండూ నోరు మూసుకుని నేనే బిగించాను. ఆ తర్వాత ఆ లారీ చాలా ఏళ్ళు నడిచింది, చిన్నబాపు మళ్ళీ తరాజు ముట్టలేదు.

ఇప్పుడు నేను కనకమామిడి, మోకిల వైపు ఫామ్‌హౌసుల్లో జనరేటర్లు బాగుచేస్తుంటాను. ఆ ఎత్తు మీదుగా వెళ్ళినప్పుడల్లా బండి దానంతటదే నెమ్మదిస్తుంది. మొన్నీమధ్య కరెంటు కారొకటి కొన్నాను. నాయనమ్మ లేదు. పసుపూ బొట్టూ మా అమ్మ పెట్టింది. బాపు పిడికిట్లో అక్షింతలు పట్టుకుని, కర్ర ఆనించుకుంటూ కారు వెనకవైపు నడిచాడు. అక్కడ తడిమాడు, ఇక్కడ తడిమాడు.

"టాంకు మూత ఏడున్నదిరా?"

"దీనికి టాంకు ఉండదు బాపు. కరెంటుతోటి నడుస్తది."

బాపు పిడికిలి విప్పకుండా అట్లాగే నిలబడ్డాడు. "మరి ఏడ ఏయాలె?"

"వాని నెత్తి మీద ఎయ్యన్నా" అన్నాడు చిన్నబాపు అరుగు మీదినుంచి. "అండ్ల ఎన్నడు జల్లెడ లేకుండె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆగని బండి చేశానని ఛాతీ విరుచుకుని లారీ ఎక్కిన ఆ స్క్రూడ్రైవర్ పిల్లగాడు గుర్తొచ్చి, వాణ్ణి ఏమీ అనబుద్ధి కాలేదు. బాపు ముందు తల వంచాను. ఆయన వేసిన అక్షింతల్లో సగం చొక్కా లోపలికి జారాయి. దులుపుకోకుండానే వెళ్ళి కారులో కూర్చున్నాను.