అవ్వ రుచి చూసిన వికర్ణం

ఆ రోజుల్లో ఎండాకాలం వచ్చిందంటే సెలవులొచ్చాయని పిల్లలు సంతోషపడేవాళ్లు, వడియాలొచ్చాయని పెద్దవాళ్లు హడావిడి పడేవాళ్లు. నేను రెండింటికీ మధ్యలో ఇరుక్కున్నదాన్ని. లెక్కలు ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే నారాయణగూడలో నేను చదివిన కాలేజీ అని చెప్పాలి న్యాయంగా. కానీ నా నోటికి ముందు వచ్చేది చిక్కడపల్లి సందులో మా మేనత్త వాళ్ల డాబా. (కాలేజీలో సార్లు బాగానే చెప్పారు పాపం. నా బుర్రకే ఎక్కలేదు.)

ఊళ్లో పది పాసయ్యాక ఇంటర్ చదవమని మా నాన్న నన్ను మేనత్త ఇంట్లో దింపాడు. ఏడాది తిరిగేసరికి లెక్కల్లో తప్పాను. మామ కోప్పడే మనిషి కాదు. అన్నంలో పప్పు కలుపుకుంటూ నెమ్మదిగానే చెప్పాడు. "సప్లిమెంటరీల గిట్ట పోయిందనుకో బిడ్డా, ఊరికి పోయి మంచిగ కుట్టు మిషన్ నేర్చుకో. ఇంత పరేషాన్ ఎందుకు?" ఆయనకేం, చెప్పేసి చెయ్యి కడుక్కున్నాడు. నేను మాత్రం కంచం ముందే కూర్చుండిపోయాను. నారాయణగూడ చౌరస్తా దాకా స్నేహితురాళ్లతో నడిచివెళ్లడం, దారిలో సగం సగం పంచుకునే మిర్చి బజ్జీ, అన్నీ ఆ ఒక్క పేపరు మీద వేలాడుతున్నాయి.

మా డాబా మీది గదిలో ఒక అన్న కిరాయికి ఉండేవాడు. పొద్దున లేస్తే అశోక్ నగర్ కోచింగ్ సెంటర్, సాయంత్రం అక్కడి టీ బండి, మిగిలిన టైమంతా గ్రూప్స్ పుస్తకాలు. అత్త బతిమాలితే నాకు మాత్రికలు, అంటే అంకెలను అడ్డంగా నిలువుగా పేర్చే పాఠం, చెప్పడానికి ఒప్పుకున్నాడు. "చూడు చెల్లే, అడ్డు వరుసలు, నిలువు వరుసలు సమానముంటే చతురస్ర మాత్రిక. అడ్డు వరుసలను నిలువు వరుసలు చేసి రాసినా దాని ప్రధాన వికర్ణం, అంటే ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు పోయే ఏటవాలు వరుస, కదలదు" అన్నాడు. "అన్నీ జరుగుతుంటే అదొక్కటి ఎందుకు జరగదన్నా?" అని అడిగాను. అన్న పేజీ తిప్పి చూశాడు. "బుక్కుల గట్లనే ఉంది. నువ్వు బట్టీ కొట్టు" అన్నాడు. (పరీక్షలు రాసి రాసి ఆయనకు 'ఎందుకు' అని అడిగే అలవాటు పోయింది.)

ఇక వడియాల సంగతి. ఏడాదికి సరిపడా వడియాలు పెట్టేముందు మా అత్త నమూనాకు కొన్ని పెట్టేది. ఇంట్లో ఉన్నది నలుగురం, అందుకని ఒక్కో రుచికి నలుగురికీ తలా ఒకటి. మొదటి వరుస చప్పటివి, రెండో వరుస కొంచెం కారం, మూడోది ఇంకాస్త, నాలుగోది మామ లాంటి కారం ప్రియులకు. అవి సగం ఎండాక మామ వాళ్లమ్మ, అంటే మేమంతా అవ్వ అని పిలిచే పెద్దావిడ, కర్ర పట్టుకుని డాబా ఎక్కి రుచి చూసేది. అవ్వ ఏ వరుస అంటే ఆ ఏడాదికి అదే కొలత. అత్త పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ చేత మాట పడకుండా నెగ్గుకొస్తోంది.

ఆ మధ్యాహ్నం కాకుల కాపలా నాది. పక్కన పుస్తకం. ప్లాస్టిక్ షీటు మీద వడియాలు, ఎన్ని అడ్డు వరుసలో అన్ని నిలువు వరుసలు! చూస్తూ చూస్తూ ఉండలేకపోయాను. మెల్లగా ఊడదీసి, మొదటి అడ్డు వరుసను మొదటి నిలువు వరుసగా, రెండోదాన్ని రెండో నిలువు వరుసగా పేర్చేశాను. తీరా చూస్తే అన్నీ ఒకేలా తెల్లగా ఉన్నాయి. ఏది కదిలిందో ఏది కదల్లేదో ఎవరికి తెలుసు? అర్థమైంది సున్నా. ఇంతలో మెట్ల మీద అవ్వ కర్ర చప్పుడు, వెనకే అత్త.

"ఇది చప్పటి వరుస అత్తమ్మా" అని అత్త ముచ్చటగా చూపించింది. అవ్వ మొదటి వడియం అంచు తుంచి నోట్లో వేసుకుని "మంచిగుంది" అంది. రెండోది తుంచింది, కనుబొమ్మలు ముడిపడ్డాయి. నాలుగోదానికి దగ్గొచ్చింది. "ఇది చప్పటిదా? నోరు మండుతుంది గదనే!" రెండో వరుసకు పోయింది. అక్కడ రెండోదొక్కటే సరిగ్గా ఉందట. మూడో వరుసలో మూడోది. అవ్వ నడుం నిటారు చేసి, తీర్పు చెప్పింది. "నీ చెయ్యి తప్పింది కోడలా. ఈసారి బజార్ల ప్యాకెట్లు కొనుక్కుందాం తియ్యి."

ప్యాకెట్లు! అత్త ముఖం పాలిపోయింది, కొంగు కళ్ల దగ్గరికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. మొదటి దాంట్లో మొదటిది, రెండో దాంట్లో రెండోది, మూడో దాంట్లో మూడోది... అడ్డంగా లెక్కపెట్టినా నిలువుగా లెక్కపెట్టినా వాటి నంబరు ఒకటే, ఇంక ఎక్కడికి జరుగుతాయి? "కదల్లేదు! ప్రధాన వికర్ణం కదల్లేదు!" అని చప్పట్లు కొట్టాను. ఏడుస్తున్న అత్త, దగ్గుతున్న అవ్వ, గది తలుపు తీసి చూస్తున్న అన్న, అందరూ నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

"నువ్వేం జేసినవే?" అంది అత్త ముందుగా తేరుకుని. "ఒక్క నిమిషం అత్తా" అని కూర్చుని, అడ్డు వరుసలను మళ్లీ నిలువు వరుసలుగా మార్చాను. అవ్వ తుంచిన అంచులు తప్ప అన్నీ ఎక్కడివక్కడికి వచ్చేశాయి. అవ్వ మళ్లీ రుచి చూసి, కాసేపు చప్పరించి, మూడో వరుసకు ఓటేసింది. "చెయ్యి తప్పలే. పోరికే తిక్క లేసింది" అంది. అత్త నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, ఆ చేత్తోనే మూడో వరుసలోంచి ఒక వడియం నా నోట్లో పెట్టింది. అన్న మాత్రం పుస్తకం తీసుకుని "ఎందుకు కదలదో నాకు ఇంకోసారి చెప్పు చెల్లే" అని వచ్చి కూర్చున్నాడు.

లెక్కల్లో గట్టెక్కాను. కుట్టు మిషన్ మాట మామ మళ్లీ ఎత్తలేదు. ఇంటర్‌తోనే నా చదువు ఆగిందనుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు రాంనగర్‌లో మా డాబా మీద వడియాలు పెట్టేటప్పుడు ముందు ఏటవాలుగా ఒక వరుస వేసి, తర్వాత మిగతావి నింపుతాను. "అట్ల ఎందుకే అమ్మా, వంకర" అని నా కూతురు నవ్వుతుంది. ఏం చెప్పను? మేనత్త కళ్లు తుడుచుకుంటుంటే పక్కనే చప్పట్లు కొట్టిన ఒక పిచ్చిపిల్ల, అన్నీ చోట్లు మారినా, ఆ వరుసలోనే ఎక్కడో కదలకుండా కూర్చుని ఉంది. ఏటా ఒకసారి దాన్ని పలకరించి వస్తాను, అంతే.