సత్యానికి నేను జబ్బు పేరు చెప్పలేదు

పూర్ణా మార్కెట్లో మాది పనసకాయల కొట్టు. ఎనభైల మొదట్లో ఒక పొద్దున్న కాయ ఎత్తబోతే ఎడమ డొక్కలో కలుక్కుమంది. ఊపిరి సగంలో ఆగింది. "ఏటైపోనాది? ఆ మొహమేటి అలగుంది?" అంది మా ఆవిడ మార్తమ్మ. వాయునొప్పేలే అని వాము నమిలాను. జ్వరం పట్టుకుంది.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. "లెఫ్ట్ ప్లూరల్ ఎఫ్యూజన్. టీబీ వల్ల ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది" అన్నారు డాక్టరుగారు. సూది గుచ్చి నీరు తీశారు. ఆ సూది పొడవు చూశాక నాకు బైబిల్ మొత్తం గుర్తొచ్చింది.

నేను "మంచి కేసు"నట. మెడికల్ స్టూడెంట్లు మంచం చుట్టూ మూగేవారు. వాళ్లలో ప్రసాదు కబుర్లపోగు. "బాబాయ్, టీ తాగినావేటి?" అంటూ వస్తే వార్డంతా నవ్వేది. అదే జట్టులోని సత్యం నవ్వడు, పలకడు. "మాటే లేనోడికి జాలేటుంతాది?" అనేది మార్తమ్మ. నాకూ నిజమే అనిపించింది.

ఇంటికి పంపుతారనగా మళ్లీ ఆయాసం మొదలైంది. చెబితే మళ్లీ సూది. నోరు మూసుకున్నాను.

అంతలో వాళ్ల పరీక్షలొచ్చాయి. మమ్మల్ని తట్టి చూసి జబ్బేంటో వాళ్లే కనిపెట్టాలి. ఎగ్జామినర్ వచ్చేలోపే స్టూడెంటు చెవిలో జబ్బు పేరు ఊదడం ఆ వార్డు రోగుల ఆచారం. ప్రసాదు రాగానే ఎడమ పక్క నీరని ఊదాను. వాడు రెండు చోట్ల తట్టి, నా బుగ్గ గిల్లి, రాసేసుకున్నాడు.

తర్వాత సత్యం వచ్చాడు. మూతి ముడుచుకు తిరిగేవాడికి సాయమెందుకని పైకప్పు చూస్తూ పడుకున్నాను. పాపం, వాడికి చెమటలు పట్టాయి. అయినా స్టెతస్కోపు అరచేతిలో రుద్ది, వెచ్చబడ్డాకే నా ఒంటిమీద పెట్టాడు. ముందూ వెనకా, కుడీ ఎడమా, నేను పనసకాయ తట్టినట్టే తట్టాడు. "రాత్రిళ్లు ఏ పక్క తిరిగి పడుకుంతన్నారు?" అన్నాడు.

అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. "కూకునే పడుకుంతన్నాను బాబూ." నోరు జారింది.

"సూదంటే బయమా?"

నాకు ఏడుపొచ్చేసింది.

"నాను పక్కనుంతాను" అన్నాడు.

ఎగ్జామినర్ రాగానే, "సార్, రైట్ సైడ్ కూడా నీరుంది" అన్నాడు. ఆయన తానే తట్టి చూశారు. "ఇలాగే ఇంటికెళ్లి ఉంటే నిన్ను మళ్లీ చూసేవాళ్లం కాదయ్యా" అన్నారు. మళ్లీ సూది తప్పలేదు. అది దిగినంతసేపూ సత్యం నా చెయ్యి వదల్లేదు.

సాయంత్రం ప్రసాదు టీ తెచ్చి, "బాబాయ్, నన్ను ముంచీసినావు" అన్నాడు. టీ మాత్రం బాగుంది.

టీబీ మందులు పూర్తిగా వాడాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి కాయలు నేనే ఎత్తాను. సత్యం పెద్ద డాక్టరయ్యాడు, ఇప్పటికీ నవ్వడు. మీకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికెళ్తే జబ్బు పేరు మీరు చెప్పకండి. రాత్రి ఎలా పడుకున్నారో చెప్పండి.