గీత పెడితే పరామర్శకొచ్చారు

నస్పూర్ క్వార్టర్లో నా భార్య జబ్బుతో మంచాన పడి, గీత వినాలని ఉందంది. పొద్దున్నే ఫోన్లో పెట్టాను. మా దగ్గర ఆ శ్లోకాలు శవాన్ని తీసుకెళ్ళే బండి మీదే మోగుతాయి.

ఏటా మాల వేసే పక్కింటి భక్తుడు ఉరికొచ్చాడు. "బంద్ చెయ్యి కాకా! మనిషి బతికుండంగనే చావు పాట పెడ్తవా?"

దేవుడు లేడని మీటింగుల్లో గొంతు చించుకునే ఎదురింటాయన కూడా భుజాన తువ్వాలతో దిగాడు. "చిన్నమ్మ ఎప్పుడు పోయింది కాకా?"

యుద్ధం ముందు కూలబడ్డ మనిషిని లేపడానికి చెప్పిన మాటలవి. ఒక్క పేజీ తిప్పకుండానే ఒకడు మొక్కుతున్నాడు, రెండోవాడు దాన్ని తిట్టి పెద్దమనిషయ్యాడు. తలుచుకుంటే ఇప్పటికీ కంపరమెత్తుతుంది.

లోపల్నుంచి ఆమె అరిచింది. "నేనింకా సావలే. ఆళ్ళను పొమ్మనుండ్రి, జర సప్పుడు పెంచుండ్రి."