మేడగది దెయ్యానికి ముగ్గురు సాక్షులు

నేను నరసాపురంలో మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో, మనిషిని భయపెట్టడానికి దెయ్యమే అక్కర్లేదు, అబద్ధం ఎరగని ముగ్గురుంటే చాలనిపించేది. ఆ జ్ఞానం ఇంగ్లీషు క్లాసులో అబ్బింది. మాకు పాఠంగా పెట్టిన పాత దెయ్యాల నవలలో కథంతా ఒక్కరే చెప్పరు. ఒకరు చప్పుడు విన్నానంటారు, ఇంకొకరు నీడ చూశానంటారు, ఎవరికీ సంగతి పూర్తిగా తెలియదు. ఆ ముక్కలన్నీ అతికించుకుని వణికిపోయే పని చదివేవాళ్లది.

సరిగ్గా అప్పుడే మావయ్య మేడగదిని ఒక బ్యాంకు ఉద్యోగికి అద్దెకిస్తానన్నాడు. ఆ గది మీద నేను ఎప్పట్నుంచో కన్నేసి ఉన్నాను. (కింద హాల్లో అత్తయ్య అల్లే లేసు మూటల మధ్య కూర్చుని చదివితే పరీక్షలో దారపుండల గురించే రాయాల్సొచ్చేది.) అందుకని నవలని అమల్లో పెట్టాను. అత్తయ్య వింటుండగా మేడ మీద స్టీలు గ్లాసు దొర్లించాను. పాలావిడ వచ్చే వేళకి, మేడగది కిటికీ రెక్కకి లేసు దారం కట్టి పెరట్లోంచి లాగాను. మావయ్య కోసం గదిలో అగరుబత్తి వెలిగించి, ఆర్పి, దాచేశాను. ఎవరికీ ఒక్క అబద్ధం చెప్పలేదు సుమండీ!

బ్యాంకాయన గది చూడ్డానికొచ్చాడు. గుమ్మంలోనే పాలావిడ, "గాలి లేకుండానే ఆ కిటికీ తెరుచుకుంటందండి బాబూ" అంది. కాఫీ ఇస్తూ అత్తయ్య, "పైన ఏదో దొర్లుతుంటుందండి, ఎలకలే అయ్యుంటాయి లెండి" అంది. అబద్ధమాడ్డం చేతకాని మావయ్య, "అగరుబత్తి వాసనొస్తుందండి. మరి మేమెవరం వెలిగించమండి" అన్నాడు. బ్యాంకాయన కాఫీ సగంలో వదిలేసి, ఇంట్లో అడిగి చెబుతానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

మర్నాడే పుస్తకాలు పైకి చేర్చి కాలేజీకి వెళ్లాను. సాయంత్రం తిరిగి రాగానే అత్తయ్య లేసు మీంచి తలెత్తకుండా, "ఏమే, మధ్యాహ్నం పైన ఆ గాజుల గలగలలేంటే?" అంది. మధ్యాహ్నం నేను కాలేజీలో ఉన్నాను. పైగా నా చేతికి వాచీ తప్ప గాజుల్లేవు. ఈ ముక్క నేను పెట్టింది కాదే! పుస్తకాలు కిందికి తెచ్చుకోడానికి కూడా మావయ్యని తోడు తీసుకెళ్లాను. వారం తిరక్కుండా ఆ గది నిండా అత్తయ్య లేసు మూటలు చేరాయి.

నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి, "ఆ గదిలో నీకు భయం వెయ్యలేదా అత్తయ్యా?" అని అడిగాను. "నా దారమే కిటికీకి కట్టి, ముడి విప్పడం మర్చిపోయావు కదే పిచ్చిమొహమా!" అంటూ చేతులాడించి గాజులు గలగలలాడించింది.

ఇప్పుడా నవలే నేను పిల్లలకి పాఠం చెబుతున్నాను. కథ చెప్పేవాళ్లలో ఎవరిని నమ్మాలి మేడమ్ అని అడుగుతారు. తలెత్తకుండా, అందరికంటే ఆఖర్న నోరు విప్పే మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండమంటాను. అత్తయ్య పోయి చాలా కాలమైంది. ఆ మేడ మీద గాజుల చప్పుడు ఇప్పుడు వినబడితే మాత్రం, ఆ రోజు తోడు లేకుండా మెట్లెక్కని పిల్లని నేనే, చెప్పులైనా వేసుకోకుండా పైకి పరుగెడతాను.