కోసుమూతి కారు

సొట్టలు తీసే మేస్త్రిని షెడ్డు చుట్టుపక్కల అందరూ అనుమానం మేస్త్రి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. "గేటు తగిలింది" అని ఎవరైనా కారు తెస్తే, ముందు రేకుకు అంటిన రంగు చూస్తాడు. "గేటుకు ఎర్ర రంగా? హెల్మెట్ కూడా పెట్టుకుందా?" అంటాడు.

అలాంటి మనిషి ఇరవై ఆరేళ్లుగా నమ్మినది ఒక్కటే, షెడ్డు వెనక గదిలోని తన కారు. ముక్కు నేలకు ఆనినట్టుండి, అక్కడి నుంచి వెనక్కి ఒకే వాలుగా లేచే బండి. తలుపు కదలకుండా కింద దోపే చెక్కముక్కను తలచుకోండి, చాలు. నుజ్జయి వచ్చినదాన్ని తన చేతులతోనే నిలబెట్టుకున్నాడు.

పాతదంతా బంగారమనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. గుండ్రటి పాత కారును చూసి ముచ్చటపడతాం. ఈ కోసుమూతి కారు మాత్రం రేపటిని ఇవాళే తెచ్చేశానని గొప్పలు పోయింది. ఆ రేపు వచ్చింది, వెళ్లింది కూడా. గొప్పలు పోయినవాడు ముసలివాడైతే ఎవరికీ జాలి కలగదు. ఈ మాట మేస్త్రి ముందు అంటే టీ కూడా పొయ్యడు.

ఆయన అక్క మొగుడు పాత కార్ల బేరగాడు. ఆ నెలలో మూడోసారి వచ్చాడు, ఈసారి వెంట ఒక మనిషిని పెట్టుకుని.

"దీని కాలం అయిపోయిందిరా. ఈ వాడిముక్కును ఇప్పుడెవడు చూస్తాడు? వదిలించుకో."

"కాలం అయిపోయినదాని కోసం మూడుసార్లు తిరుగుతున్నావేం బావా? మా అక్క ఇంట్లో ఉండనివ్వట్లేదా?"

"నీ మంచి కోరి చెబితే వెటకారమా! ఈయన లెక్కల మాస్టారు. పాపం, ఏదో చవకలో బండి కావాలట."

మాస్టారు మొహమాటంగా నవ్వి కారు చుట్టూ తిరిగాడు. ఇంజను సంగతి అడగలేదు, మైలేజీ అడగలేదు. మేస్త్రి చెవులు అప్పుడే నిక్కాయి. ఆ మనిషి జేబురుమాలు తీసి ఎడమ అరచేతి కింద పరుచుకున్నాడు. కళ్లు మూసుకుని, తలుపు మీది పదునైన మడత వెంట చేతిని మెల్లగా జరిపాడు.

లెక్కల మాస్టారైతే కారును కళ్లతో చూస్తాడు. గుడ్డ మీంచి అరచేత్తో చూసేది సొట్టలు తీసేవాడే. గుడ్డ ఉంటే చెయ్యి జారుతుంది, కంటికి దొరకని ఎత్తుపల్లాలు చేతికి దొరుకుతాయి. నోటికి ఎన్ని అబద్ధాలైనా నేర్పవచ్చు గానీ, చేతికి నేర్పడం కష్టం.

"ఏ షెడ్డు మాస్టారూ మీది?"

ఆ చెయ్యి ఆగింది. ప్రశ్న విని కాదు. వెనక చక్రానికి జానెడు ముందు ఆగింది.

"ఇక్కడ పుట్టీ ఉంది," అన్నాడు ఆ మనిషి, కళ్లు తెరవకుండానే. "చాలా పల్చగా."

ఆ చోట ఎంత కొట్టినా మడత సూటిగా రాక, అప్పట్లో మేస్త్రి పైన పుట్టీ మెత్తి సరిపెట్టాడు. ఇన్నేళ్లలో ఎవరికీ దొరకలేదు. తానుగా ఎవరికీ చెప్పలేదు.

"పాతకాలం బళ్లు బాగుచేసే షెడ్డు నాది," అని ఒప్పుకున్నాడు వచ్చినవాడు. "మాస్టారినని చెప్పమన్నది మీ బావగారే."

"ఒరేయ్, అదేంటంటే..."

"నువ్వాగు బావా." మేస్త్రి వచ్చినవాడివైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఇది పాతబడిందా, లేదా?"

"పాతబడింది మేస్త్రీ. ఇలాంటివి ఇప్పుడెవరూ చెయ్యరు. అందుకే కావాలి. ఇంకో పదేళ్లకు వెతికినా దొరకవు."

ఆ మాట గుచ్చుకుంది. పాతబడలేదనే కదా ఇన్నాళ్లూ ఊరందరితో వాదించాడు! అయినా, బావ కాలు పెట్టినప్పటి నుంచి ఆ గదిలో వినబడ్డ మొదటి నిజం అదే.

"సరే, పాతబడిందనే ఒప్పుకుంటా," అన్నాడు చివరికి. బావ ముఖం వెలిగింది.

"అయితే ఇంకాస్త పాతబడనీ. ఇక్కడే." మేస్త్రి ముసుగు గుడ్డ విప్పి కారు మీద పరిచాడు. "బావా, అటు కొస పట్టుకో. పట్టుకుంటే చాలు, లాక్కోవద్దు."